దస్తావేజు వేరు, హక్కు వేరు – గుంటూరు, ప్రకాశం సీమలో స్థలం కొన్నవారి చరిత్ర

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక చరిత్ర వ్యాసం రాయవలసిందిగా కార్యవర్గ మిత్రులు అడిగారు. రాజుల చరిత్ర రాసే పాండిత్యం నాకు లేదు. రిజిస్ట్రేషన్ శాఖలో మూడు దశాబ్దాలకు పైగా గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. నాకు తెలిసింది దస్తావేజుల చరిత్ర. మనలో చాలామంది రిటైరైన నాడు చేతికి వచ్చిన గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్మును గుంటూరు, ఒంగోలు, చిలకలూరిపేట చుట్టుపక్కల ఏదో ఒక వెంచర్‌లో ప్లాటుగా మార్చుకున్నవారే. ఆ సొమ్ముకు చట్టం ఎంతవరకు కాపు కాస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అనే విషయం చరిత్రతో కలిపి చెబితే మిత్రులకు ఉపయోగపడుతుందని ఈ ప్రయత్నం.

ముందుగా ఒక్క మాట. సబ్‌రిజిస్ట్రారు రిజిస్టరు చేసేది దస్తావేజును. హక్కును కాదు. రాసిచ్చినవాడు ఫలానావాడేనా, సంతకం తనదేనని ఒప్పుకుంటున్నాడా, స్టాంపు సరిపోయిందా అన్నవే ఆయన చూస్తాడు. అమ్మేవాడికి అసలు ఆ భూమి ఉందా లేదా అన్న విచారణ ఆయన విధి కాదని మన రాష్ట్ర రిజిస్ట్రేషన్ నిబంధనల్లో 58వ నిబంధన స్పష్టంగా చెబుతుంది. హక్కు పత్రాలు చూపించకపోతే రిజిస్ట్రేషన్ నిరాకరించవచ్చని తమిళనాడు చేసుకున్న నిబంధనను సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో కొట్టివేసింది. అంటే ఈనాటికీ ఇదే న్యాయం. ఈ సంగతి తెలియక, "రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఇక భయం లేదు" అనుకుని ఇంటికి వెళ్ళినవారిని నేను వందల్లో చూశాను.

జమీందారీల నాటి దావాలు

మన సీమకు భూమి దావాలు కొత్త కాదు. గుంటూరు సర్కారు 1788లో కుంపిణీ చేతికి వచ్చింది. 1802లో మద్రాసు ప్రభుత్వం శాశ్వత శిస్తు ఏర్పాటు తెచ్చింది. శిస్తు కట్టినంతకాలం జమీందారు, తప్పితే వేలం. అమరావతి పట్టణాన్ని నిలబెట్టిన వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు 1816లో కాలం చేశారు. ఆయన దత్తపుత్రుల మధ్య పుట్టిన వారసత్వ దావా ఇక్కడి అదాలతులు దాటి లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. దావా నడుస్తూనే ఉంది, బకాయిలు పెరుగుతూనే ఉన్నాయి. 1832-33లో నందన కరువు వచ్చి పడింది. 1840ల చివరికి గుంటూరు జమీందారీలు బకాయిల కింద సర్కారుపరమయ్యాయి. తీర్పు ఎవరి పక్షాన వచ్చినా, తీర్పు వచ్చేనాటికి పంచుకోవడానికి పెద్దగా మిగలలేదు. దావాలో పడిన భూమి గతి ఆనాడూ ఇంతే, ఈనాడూ ఇంతే.

అటుపైన భూమి రైత్వారీ పద్ధతిలోకి వచ్చింది. అయితే అంతా ఒకే రకంగా రాలేదు. దేవుడి పేర, బ్రాహ్మణుల పేర, ఊరి సేవకుల పేర ఉన్న మాన్యాలను 1860ల్లో ఇనాం కమిషన్ విచారించి ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలోకి ఎక్కించింది. దర్శి, పొదిలి ప్రాంతాలు వెంకటగిరి ఎస్టేటు కింద ఉండిపోయాయి. టంగుటూరి ప్రకాశం పంతులు గారు 1937లో మద్రాసు రెవెన్యూ మంత్రిగా ఎస్టేటు భూముల విచారణ సంఘానికి అధ్యక్షత వహించి, భూమికి యజమాని సాగుచేసే రైతేనని 1938 నివేదికలో తేల్చారు. చట్టం రావడానికి మరో పదేళ్ళు పట్టింది. 1948లో ఎస్టేట్ల రద్దు, 1956లో ఇనాంల రద్దు.

ఈ పాత కథ ప్లాటు కొనేవారికి ఎందుకంటే, మీ సర్వే నంబరు రైత్వారీదా, ఎస్టేటుదా, ఇనాందా అన్నదాన్ని బట్టి దాని మూల పత్రం మారిపోతుంది. ఒకదానికి పాత రీసెటిల్మెంట్ రిజిస్టరు, ఒకదానికి 1948 చట్టం కింద వచ్చిన పట్టా, మరొకదానికి ఇనాం ఫెయిర్ రిజిస్టరు. అమ్మేవాడు చూపే దస్తావేజుల గొలుసు ఎంత పొడుగున్నా, ఆ మూలానికి ముడి పడకపోతే అది గాలిలో వేలాడే గొలుసే.

1వ పుస్తకం, 4వ పుస్తకం

మన దేశంలో నిర్బంధ రిజిస్ట్రేషన్ 1864 చట్టంతో మొదలైంది. ఇప్పుడు నడుస్తున్నది 1908 చట్టం. 100 రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిని రిజిస్టరు దస్తావేజుతోనే అమ్మాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షను చెబుతుంది. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ప్రతి దస్తావేజునూ అక్షరం అక్షరం చేత్తో పుస్తకంలోకి ఎత్తి రాసేవాళ్ళం. 1998 నవంబరులో కంప్యూటర్లు రావడంతో ఆ పని పోయింది. పుస్తకాల విభజన మాత్రం అలాగే ఉంది.

స్థిరాస్తి అమ్మకాలు, తనఖాలు, దానాలు 1వ పుస్తకంలోకి వెళతాయి. వీలునామాలు 3వ పుస్తకంలోకి, మామూలు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ పత్రాలు 4వ పుస్తకంలోకి వెళతాయి. మనం ఫీజు కట్టి తెచ్చుకునే ఇ.సి. 1వ పుస్తకానికి సంబంధించింది. అందులో వీలునామా కనబడదు. పవర్ పత్రం కనబడదు. రిజిస్టరు చేయని అగ్రిమెంటు కనబడదు. మునసబు కోర్టులో నడుస్తున్న దావా కనబడదు. ఇ.సి.లో ఏమీ లేదంటే భూమి మీద ఏమీ లేదని కాదు, ఆ పుస్తకంలో లేదని మాత్రమే.

నాకు తెలిసిన ఒక మిత్రుడి సంగతి చెబుతాను. వేరే శాఖలో పనిచేసి 2005లో రిటైరయ్యాడు. గుంటూరుకు దగ్గర్లో ఒక వెంచర్‌లో 200 గజాలు కొన్నాడు. ఇ.సి. శుభ్రంగా ఉంది. దస్తావేజు రాసిచ్చింది మాత్రం భూస్వామి కాదు, ఆయన ఇచ్చిన పవర్‌తో వెంచర్ వాళ్ళు. కొన్నాళ్ళకు భూస్వామి వారసులు దావా వేశారు. రిజిస్ట్రేషన్ జరిగిన తేదీకి నాలుగు నెలల ముందే ఆ భూస్వామి చనిపోయాడని మరణ ధ్రువీకరణ పత్రం దాఖలు చేశారు. పవర్ ఇచ్చినవాడు చనిపోతే ఆ అధికారమూ పోతుందని 1872 కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను. ఏజెంటుకు ఆ ఆస్తిలో సొంత హక్కు ఉన్న సందర్భాలకు మినహాయింపు ఉంది గాని, తమకు అలాంటి హక్కు ఉందని చూపించే పత్రం వెంచర్ వాళ్ళ దగ్గర లేదు. మిత్రుడు దావా తేలకుండానే వెళ్ళిపోయాడు. ఫ్యామిలీ పెన్షన్ తీసుకుంటున్న ఆయన భార్య ఇప్పటికీ వాయిదాలకు తిరుగుతోంది. పవర్ పత్రం నకలు తీయించి, ఇచ్చినవాడు బతికి ఉన్నాడో లేదో ఆ ఊళ్ళో ఒక్కసారి అడిగి ఉంటే తేలిపోయే విషయం అది.

పవర్, అగ్రిమెంటు, వీలునామా ఈ మూడూ కలిపి రాసుకుని అమ్మకం జరిగిందనుకునే పద్ధతి ఒకటి దేశమంతా నడిచింది. దాని వల్ల యాజమాన్యం బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011 అక్టోబరులో సూరజ్ ల్యాంప్ కేసులో తేల్చింది.

దావాలో ఉన్న భూమి సంగతి ఇంకా కఠినం. ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షను ప్రకారం దావా నడుస్తుండగా కొన్నవాడు, దావా సంగతి తెలియకపోయినా, తీర్పుకు కట్టుబడవలసిందే. బొంబాయి రాష్ట్రం 1939లోనే ఈ సెక్షనుకు సవరణ తెచ్చి, దావా నోటీసు రిజిస్టరు చేయిస్తేనే కొన్నవాడు కట్టుబడతాడని మార్చుకుంది. మనకు ఆ సదుపాయం లేదు. కోర్టులో వాకబు చేయించుకోవడమే మార్గం.

పత్తి పండిన కాలం, పోయిన కాలం

నాగార్జునసాగర్ కాలువల్లో 1967లో నీళ్ళు వదిలాక, ఆపైన పత్తి, మిరప విస్తరించాక, మన నల్లరేగడికి ఎన్నడూ లేని ధర వచ్చింది. అప్పు తెచ్చి మందులు కొట్టడం మామూలైంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టింది. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతుల ఆత్మహత్యలు రాష్ట్రాన్ని కదిలించింది ఆ ఏడే.

ఆ రోజుల్లో అప్పుకు హామీగా ప్రామిసరీ నోటుతో పాటు భూమి అమ్మకం అగ్రిమెంటు రాయించుకోవడం మా ప్రాంతంలో వాడుక. కొందరు ఏకంగా విక్రయ దస్తావేజే రాయించుకునేవారు. "బాకీ తీరిస్తే తిరిగి రాసిస్తాను" అనేది నోటిమాట. అయితే అమ్మకం రూపంలో ఉన్న తనఖాకు ఆ షరతు అదే దస్తావేజులో రాసి ఉండాలని 1929లోనే చట్టాన్ని సవరించారు. నోటిమాటతో ఇచ్చిన భూములు అలాగే పోయాయి. పోగొట్టుకున్న కుటుంబాల్లోని కొడుకులు, తండ్రి పేరే అడంగల్‌లో మిగిలి ఉండటం చూసుకుని అదే భూమిని రెండోసారి అమ్మిన సందర్భాలు కూడా మా కార్యాలయానికి వచ్చాయి.

అగ్రిమెంటు కూడా రిజిస్టరు కావాలని 1999లో మన రాష్ట్రం సవరణ తెచ్చింది. కాని రిజిస్టరు కాని అగ్రిమెంటును ఆధారంగా చూపి అమలు దావా వేయడానికి 49వ సెక్షనులో వీలుంది. గడువు తేదీ నుంచి, లేదా ఎదుటివాడు కుదరదన్న నాటి నుంచి 3 ఏళ్ళలో వేయాలి. కాబట్టి రైతు దగ్గర నేరుగా కొనేవారు "ఎవరికైనా అగ్రిమెంటు ఉందా" అని ఊళ్ళో నలుగురినీ అడగడం తప్పనిసరి. మిరప యార్డులో ఏ దుకాణంతో ఆయనకు లావాదేవీ ఉందో కనుక్కుంటే సగం సంగతి అక్కడే తెలుస్తుంది.

సర్కారు చేయి పడిన భూములు

భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన డి.పట్టా భూములను అమ్మడం 1977 నాటి 9వ చట్టం నిషేధించింది. కొన్నవాడికి హక్కు రాదు, కట్టిన సొమ్మూ రాదు. మన ఆంధ్ర ప్రాంతంలో 1954 జూన్ 18 తేదీ ముఖ్యం. అమ్మరాదనే షరతు సాధారణంగా ఆ తేదీ నాటి జీవోతో వచ్చింది. అంతకు ముందు ఇచ్చిన పట్టాలకు చాలావరకు ఆ షరతు లేదు. ఇచ్చిన తేదీ ఒక్కటి రుజువు చేయలేక నష్టపోయినవారు ఎందరో. 20 ఏళ్ళు దాటిన అసలు పట్టాదారులు అమ్ముకోవచ్చని 2023లో సవరణ వచ్చింది. 2024లో ప్రభుత్వం మారాక ఆ భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. చట్టం ఇలా మారుతున్న చోట పింఛను సొమ్ము పెట్టకపోవడం మంచిది.

2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఎ సెక్షను కొత్త రూపంలో వచ్చింది. ప్రభుత్వ భూములు, అసైన్డు భూములు, దేవాదాయ, వక్ఫ్ భూములు, సీలింగు మిగులు భూములు నిషేధ జాబితాలోకి వెళ్ళాయి. ఉద్దేశం మంచిదే. అయితే సర్వే నంబరులో ఒక భాగం సర్కారుదైతే నంబరంతా జాబితాలో పడటం వల్ల సొంతదారులు ఎందరో చిక్కుకున్నారు. 2015 డిసెంబరులో హైకోర్టు ఫుల్ బెంచి ఈ జాబితాలు ఎలా తయారు చేయాలో, అభ్యంతరాలు ఎలా విచారించాలో మార్గదర్శకాలు ఇచ్చింది.

చుక్కల భూములది మరో కథ. బ్రిటిషు వారి రీసెటిల్మెంటులో పట్టాదారు పేరు రాయవలసిన గడిలో కొన్నిచోట్ల చుక్కలు పెట్టి వదిలేశారు. నూరేళ్ళ తరవాత ఆ చుక్కలు చూసి అవి సర్కారువన్నారు. తాతల నాటి నుంచి దున్నుకుంటున్నవారు ఆడపిల్ల పెళ్ళికి అర ఎకరం అమ్ముకోలేకపోయారు. 2017లో దీనికి ప్రత్యేక చట్టం వచ్చింది. 2023 మేలో సుమారు 2 లక్షల ఎకరాలను నిషేధ జాబితా నుంచి తీసేశారు. 1984 జనవరిలో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక ఊరి లెక్కలు తెలిసిన మనిషి ఊళ్ళో లేకుండా పోవడం కూడా ఈ చిక్కులను పెంచిందని నా అనుభవం.

ఆడపిల్లల వాటా

1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని ఆడపిల్లలకు పిత్రార్జితంలో పుట్టుకతో వాటా ఇస్తూ మన రాష్ట్రం దేశానికి ముందే చట్టం చేసింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్ళందరికీ ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు జరిగిన అమ్మకాలకు, రిజిస్టరైన పంపకాలకు మాత్రం భంగం లేదు. ఇది న్యాయమైన చట్టం, మన కూతుళ్ళకూ వర్తించేదే. కొనేవారు చేయవలసింది ఒక్కటే. కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రం చూసి, కూతుళ్ళ చేత కూడా సంతకం పెట్టించుకోవాలి. "మా అక్కయ్య అడగదులెండి" అన్న మాట కోర్టులో నిలవదు.

బాండు పట్టుకున్నవారు, ఒప్పందం పట్టుకున్నవారు

ఈ మధ్యకాలంలో మన సీమ రెండు పెద్ద సంఘటనలు చూసింది. ఒకటి అగ్రిగోల్డ్. విజయవాడ కేంద్రంగా నడిచిన ఆ సంస్థ స్థలాలు ఇస్తామనే పథకాల మీద సుమారు 19 లక్షల మంది నుంచి 32 లక్షల ఖాతాల్లో 6,380 కోట్ల రూపాయలు వసూలు చేసిందని ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ లెక్క. చెల్లింపులు ఆగిపోయి 2015లో సి.ఐ.డి. విచారణ మొదలైంది. కట్టినవారి చేతిలో ఉన్నది ఏమిటి? బాండు, రశీదు. అవి భూమి మీద హక్కు ఇవ్వవు, సంస్థ మీద బాకీ మాత్రమే చూపిస్తాయి. 1999 నాటి డిపాజిటర్ల రక్షణ చట్టం కింద ఆస్తులు జప్తు అయినా వాటి వేలం ఏళ్ళూ పూళ్ళూ సాగింది. చివరకు ప్రభుత్వమే ఖజానా నుంచి 2019 నవంబరులో గుంటూరులో మొదలుపెట్టి 10 వేల లోపు వారికి, 2021 ఆగస్టులో 20 వేల లోపు వారికి చెల్లించింది. పెద్ద మొత్తాలు కట్టినవారు ఎదురుచూస్తూ ఉండిపోయారు.

రెండోది రాజధాని అమరావతి. ఇందులో రాజకీయం మనకు వద్దు, చట్టం మాట వరకే చెబుతాను. 2015లో 29 గ్రామాల రైతులు సుమారు 34 వేల ఎకరాలు భూసమీకరణ కింద ఇచ్చారు. మెట్ట ఎకరాకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం, పదేళ్ళ పాటు కౌలు అని రాసుకున్నారు. జరీబు భూమికి వాణిజ్య స్థలం 450 గజాలు. ఊరికే నమ్మి ఇవ్వలేదు. ప్రాధికార సంస్థతో రిజిస్టరు ఒప్పందాలు చేసుకున్నారు. తరవాత రాజధాని నిర్ణయం మారినప్పుడు ఆ ఒప్పందాలే కోర్టులో వారి చేతి కర్ర అయ్యాయి. ఒప్పందం ప్రకారం ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వాలని హైకోర్టు 2022 మార్చి 3న తీర్పు చెప్పింది. గడువుల మీద సుప్రీంకోర్టు అదే నవంబరులో స్టే ఇచ్చింది, పనులు 2024 తరవాతగాని మళ్ళీ ఊపందుకోలేదు. అంటే మంచి ఒప్పందం కూడా కాలాన్ని వెనక్కి తేలేదు. కాని హక్కు నిలిచింది. బాండుకూ ఒప్పందానికీ ఉన్న తేడా ఇదే.

రక్షణ ఎక్కడ ఉంది

హక్కుకు ప్రభుత్వమే పూచీ పడే పద్ధతి టారెన్స్ అనే ఆయన చొరవతో 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైంది. అమెరికాలో 1876 నుంచి హక్కుకు బీమా చేసే కంపెనీలు ఉన్నాయి. మనకు మొదటిది లేదు, రెండోది సామాన్యుడికి అందుబాటులో లేదు. మన రాష్ట్రంలో భూహక్కు చట్టం 2023 అక్టోబరు 31 నుంచి అమలులోకి వచ్చింది. సివిల్ కోర్టులను పక్కన పెట్టి అధికారి చేతికి నిర్ణయం ఇస్తున్నారని న్యాయవాదులు, రైతులు ఆందోళన చేశారు. 2024లో అది రద్దయింది. కాబట్టి తిరిగి మన జాగ్రత్తే మనకు రక్షణ.

ఉన్నవాటిలో బలమైనది 2016 నాటి రెరా చట్టం. 500 చదరపు మీటర్లు, 8 ప్లాట్లు ఈ రెండు పరిమితులూ దాటిన వెంచర్ రెరాలో నమోదు కాకుండా ప్రకటన కూడా వేయకూడదు. వసూలైన సొమ్ములో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. రిజిస్టరు అగ్రిమెంటు లేకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. అన్నిటికన్నా ముఖ్యం 18వ సెక్షను. హక్కులో లోపం వల్ల నష్టం జరిగితే వెంచర్ యజమాని పరిహారం ఇవ్వాలి, దానికి కాలపరిమితి అడ్డురాదు. ఈ ఒక్క వాక్యం కోసమైనా రెరా నంబరు లేని ప్లాటు ముట్టుకోకూడదు.

ఇక కొనదలచిన మిత్రులకు నా మనవి. కనీసం 30 ఏళ్ళ ఇ.సి. తీయించండి. కంప్యూటర్లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకు ముందుది కార్యాలయంలో పుస్తకాలు తిప్పించాలి. లింకు దస్తావేజుల అసలు ప్రతులు చూడండి. జిరాక్సు చూపి "అసలు బ్యాంకులో ఉంది" అంటే అప్పు ఉందని అర్థం. మూల పత్రం ఏదో అడగండి. 22-ఎ జాబితా చూడండి. ఎఫ్.ఎం.బి. పటంతో సర్వేయరు చేత హద్దులు వేయించండి. పవర్ మీద అమ్ముతుంటే ఇచ్చినవారిని స్వయంగా కలవండి. సొమ్ము బ్యాంకు ద్వారానే ఇవ్వండి. కొన్నాక స్వాధీనంలో ఉండండి, అంటే నాలుగు రాళ్ళు పాతి, పన్ను కట్టి, ఏడాదికి రెండుసార్లు వెళ్ళి చూసి రండి. పక్కవాడు 12 ఏళ్ళు అనుభవిస్తే మన దావాకే కాలదోషం పడుతుంది.

ఇవన్నీ చూడటానికి అనుభవం గల ప్లీడరుకు ఇచ్చే ఫీజు, మధ్యవర్తికి ఇచ్చే కమిషన్‌లో ఒక వంతు ఉండదు. అయినా మనవాళ్ళు కమిషన్ కళ్ళు మూసుకుని ఇస్తారు, ఫీజు దగ్గర బేరమాడతారు.

సంఘం కార్యవర్గానికి ఒక సూచన చేసి ముగిస్తాను. రిటైరయ్యే సభ్యులకు పింఛను కాగితాలు నింపడంలో మన సంఘం ఎంతో సాయం చేస్తున్నది. దానితోపాటు స్థలం కొనబోయే సభ్యుల దస్తావేజులు చూసిపెట్టడానికి రిజిస్ట్రేషన్, రెవెన్యూ, సర్వే శాఖల్లో పనిచేసిన మనలాంటి వాళ్ళం నలుగురం నెలకు ఒక ఆదివారం సంఘ కార్యాలయంలో కూర్చుంటే బాగుంటుంది. తుది సలహా ప్లీడరుదే అయినా, ఏ కాగితం లేదో చెప్పడం మన చేతిలో పని. కళ్ళజోడు తెచ్చుకుని రావడానికి నేను సిద్ధం.